అమెజాన్‌లో కబ్జా ఎలా జరుగుతుంది: వర్షారణ్యాల నరికివేత మీద మీ ప్రశ్నకు జవాబు

మీరు అడిగింది ఇది. మీ బాబుకు తొమ్మిదో తరగతిలో వర్షారణ్యాల నరికివేత మీద ప్రాజెక్టు ఇచ్చారు. కారణాల కింద కలప, వ్యవసాయం, జనాభా అనీ, ఫలితాల కింద ఆక్సిజన్ తగ్గుతుంది, వానలు పడవు అనీ నోట్సులో రాయించారు. ఇంతేనా? మళ్లీ మొక్కలు నాటితే సరిపోదా? అసలు ఎక్కడో బ్రెజిల్‌లో ఉన్న అడవికీ ఉప్పల్‌లో ఉంటున్న మనకూ ఏం సంబంధం?

నేనూ హైదరాబాద్‌లోనే ఉంటాను. ఉపగ్రహ చిత్రాలు చూసి ఎక్కడ అడవి ఎంత ఉంది, ఎంత పోయింది అని లెక్క కట్టడం పాతికేళ్లకు పైగా నా ఉద్యోగం. జవాబు కాస్త పెద్దదే అవుతుంది, తీరిగ్గా చదవండి. బాబుకు ఏం చెప్పాలో చివర్లో విడిగా రాశాను.

ముందు కలప సంగతి. రంపాలు పట్టుకుని వచ్చి చెట్లన్నీ కొట్టుకుపోతారనే బొమ్మ చిన్నప్పటి నుంచీ మన మనసులో ఉండిపోయింది. నిజానికి అమెజాన్‌లో ఒక ఎకరంలో మిల్లుకు పనికొచ్చి మంచి ధర పలికే చెట్లు ఒకటో రెండో ఉంటాయి. మహాగని, ఇపే లాంటివి. వాటిని లాక్కెళ్లినా అడవి గాయపడుతుందే తప్ప పూర్తిగా పోదు. అసలు నష్టం ఆ దుంగల లారీ కోసం వేసిన దారితో మొదలవుతుంది. రోడ్డుకు ఐదున్నర కిలోమీటర్ల లోపల, లేదంటే పడవ తిరిగే నదికి కిలోమీటరు లోపలే అమెజాన్ నరికివేతలో 95 శాతం దాకా జరిగిందని 2014లో ఒక పరిశోధన లెక్క తేల్చింది. కాబట్టి కారణాల్లో మొదట రాయాల్సిన మాట రోడ్డు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సీనియర్ గారు నా ముందు రొండోనియా చిత్రం పెట్టారు. అది బ్రెజిల్‌కు పడమటి అంచున ఉన్న రాష్ట్రం. మేం వాడే చిత్రాల్లో పచ్చని చెట్టు ఎర్రగా కనిపిస్తుంది, పరారుణ కాంతిని ఆకులు బాగా తిప్పికొడతాయి కాబట్టి ఆ రంగు ఇస్తాం. కాగితమంతా చిక్కటి ఎరుపు. మధ్యలో చేప ముల్లు పరిచినట్టు లేత నీలిరంగు గీతలు. నడుమన వెన్నెముకలా ఒక పెద్ద రోడ్డు, దానికి అటూ ఇటూ నాలుగైదు కిలోమీటర్లకొకటి చొప్పున అడ్డరోడ్లు, ఒక్కో అడ్డరోడ్డు పక్కన నరికేసిన కమతాలు. ఆ దారిలోనే బీఆర్-364 అనే హైవేకు ప్రపంచ బ్యాంకు అప్పుతో 1984 నాటికి తారు వేశారు. ‘మనుషులు లేని భూమి, భూమి లేని మనుషులకు’ అని అంతకు ముందే సైనిక ప్రభుత్వం ప్రచారం చేసి జనాన్ని అటు తరలించింది. అక్కడ అప్పటికే ఆదివాసులు ఉన్నారన్న సంగతి ఆ నినాదంలో లేదు. తర్వాతి ఏళ్ల చిత్రాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే ముళ్లు లావెక్కి, ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఎరుపు ముక్కలు ముక్కలుగా మిగిలింది.

రోడ్డు పడ్డాక జరిగేది హైదరాబాద్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దాన్ని మనం కబ్జా అంటాం. ఇక్కడ ప్రభుత్వ భూమిలోనో చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు) రాత్రికి రాత్రి రాళ్లు పాతి, కడీలు నిలబెట్టి, ఒక రేకుల షెడ్డు వేసి, తర్వాత కాగితాలు పుట్టిస్తారు కదా. అమెజాన్‌లో ఆ ప్రహరీ గోడ పని ఆవు చేస్తుంది. ఎవరి పేరునా లేని ప్రభుత్వ అడవిని ఎండాకాలంలో నరికి, రెండు మూడు నెలలు ఎండనిచ్చి, నిప్పు పెట్టి, గడ్డి గింజలు చల్లి పశువులను తోలితే ఆ భూమి ‘వాడుకలో ఉన్నట్టు’ లెక్క. పాలకో మాంసానికో అంత భూమి అవసరమై చేసే పని అయితే పశువులు కిక్కిరిసి ఉండాలి. అక్కడ సగటున రెండున్నర ఎకరాలకు ఒకటి రెండు పశువులకు మించి ఉండవు. మంద పలచగా ఉన్నా పర్వాలేదు, భూమి తన చేతిలో ఉందని చూపించడానికి అది చాలు. నరికిన అమెజాన్ భూమిలో అత్యధిక భాగం పశువుల మేతబీడే. కొన్నేళ్లకు దాన్ని సోయా పండించేవాడికి అమ్మి, వీళ్లు ఇంకా లోపలికి జరుగుతారు.

ఈ దందాకు పోర్చుగీసులో గ్రిలాజెం అని పేరుంది. గ్రిలో అంటే కీచురాయి. వెనకటికి దొంగ దస్తావేజులు రాసి, కీచురాళ్లున్న పెట్టెలో పడేసేవారట. అవి కాగితాన్ని కొరికి, మురికి చేసి, పసుపు పచ్చగా మారిస్తే తాతల నాటి పత్రంలా కనిపించేది. ఆ పెట్టె నుంచే ఆ మాట పుట్టింది.

ఇక క్రమబద్ధీకరణ. మన దగ్గర అనుమతి లేని లేఅవుట్లను రుసుము కట్టించుకుని సక్రమం చేసే ఎల్‌ఆర్‌ఎస్ పథకం వచ్చినప్పుడల్లా ‘ఈసారి కాకపోతే వచ్చేసారి’ అని ఆశపడేవాళ్లను చూశాం. బ్రెజిల్‌లో 2009లో ఒక చట్టం తెచ్చి, 2004 డిసెంబర్ 1 లోపు ఆక్రమించుకున్న ప్రభుత్వ భూమికి పట్టా ఇస్తామన్నారు. 2017లో ఇంకో చట్టం ఆ తేదీని 2008 జులైకి జరిపింది. తేదీ ఒకసారి కదిలిందంటే మళ్లీ కదులుతుందని అందరికీ అర్థమైపోతుంది. ఈ రోజు నరుకుతున్నవాడు రేపటి కటాఫ్ తేదీ మీద పందెం కాస్తున్నాడు. నన్నడిగితే బాబు రాసే కారణాల్లో ఇది కచ్చితంగా ఉండాలి. పాఠాల్లో ‘జనాభా పెరుగుదల’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే తప్పు పేదవాడి మీదకు పోతుంది. వేల ఎకరాలు నరికించడానికి యంత్రాలు, కూలీలు, డీజిల్ కావాలి. పెట్టుబడి లేనివాడి వల్ల అయ్యే పని కాదది.

చట్టం గట్టిగా పనిచేస్తే ఏమవుతుందో కూడా అక్కడే కనబడింది. బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ 1988 నుంచి ఏటా అమెజాన్ నరికివేత లెక్క వేస్తోంది. 2004లో 27,772 చదరపు కిలోమీటర్లు. పాత జీహెచ్‌ఎంసీ హద్దు దాదాపు 650 చదరపు కిలోమీటర్లు అనుకుంటే, ఒక్క ఏడాదిలో నలభైకి పైగా హైదరాబాద్‌లు! అప్పుడు పర్యావరణ మంత్రి మరీనా సిల్వా. రబ్బరు చెట్లకు గాట్లు పెట్టి పాలు తీసే కుటుంబంలో పుట్టిన మనిషి. ఎక్కడ కొత్తగా నరికారో ఉపగ్రహం చూసి వెంటనే చెప్పే ఏర్పాటు మొదలైంది. ఆ సమాచారంతో అధికారులు దాడులు చేశారు. 2006లో కొత్తగా నరికిన భూమిలో పండిన సోయా కొనబోమని వ్యాపారులు ఒప్పందానికి వచ్చారు. 2008లో కాగితాలు సరిగా లేని భూములకు బ్యాంకు రుణాలు ఆపారు. 2012 నాటికి నరికివేత 4,571 చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. తర్వాత పట్టు సడలి 2021లో 13,038కి ఎగబాకింది. 2023లో ఆవిడే మళ్లీ మంత్రి అయ్యారు, 2024లో తొలి అంచనా ప్రకారం అది 6,288. వీటిలో నాకు ముఖ్యంగా తోచింది బ్యాంకు రుణం సంగతి. జరిమానా ఏళ్ల తరబడి కోర్టులో నానుతుంది. అప్పు పుట్టకపోతే మాత్రం ఆ సీజన్‌లోనే పని ఆగిపోతుంది.

ఆసియాలో కథ వేరు. ఇండోనేషియా, మలేషియాల్లో అడవి పోయింది చాలా వరకు పామాయిల్ కోసం, కాగితపు గుజ్జు తోటల కోసం. ప్రపంచ పామాయిల్‌లో దాదాపు 85 శాతం ఆ రెండు దేశాలదే. దాన్ని అందరికంటే ఎక్కువ దిగుమతి చేసుకునేది మనమే, ఏటా 75 లక్షల నుంచి కోటి టన్నుల దాకా. ఒకసారి మీ వంటింట్లో చూడండి. నూనె ప్యాకెట్ సన్‌ఫ్లవరే కావచ్చు. కానీ బిస్కెట్ ప్యాకెట్ వెనక, నూడుల్స్ ప్యాకెట్ వెనక, సబ్బు మీద చిన్న అక్షరాలు చదవండి. రేషన్ షాపులో ఇచ్చిన పామాయిల్ ప్యాకెట్లు మన తరానికి గుర్తే. సాయంత్రం మిర్చి బజ్జీల బండి మీద మరిగేది కూడా చాలా చోట్ల అదే.

అలాగని పామాయిల్ మానేస్తే సరిపోతుందని నేను చెప్పను. ఒక హెక్టారులో ఆయిల్ పామ్ మూడు నాలుగు టన్నుల నూనె ఇస్తుంది, సోయా అర టన్ను కూడా ఇవ్వదు. అందరం ఒక్కసారిగా సోయాకు మారితే ఇంకా ఎక్కువ భూమి కావాల్సి వస్తుంది. తోట ఎక్కడ పెట్టారన్నదే చూడాలి. అశ్వారావుపేటలో, దమ్మపేటలో, పశ్చిమ గోదావరిలో మన రైతులు అదివరకే సాగులో ఉన్న పొలాల్లో ఆయిల్ పామ్ వేశారు. దాని నీటి వాడకం మీద చర్చ ఉంది, ఉండాలి కూడా. దాన్ని ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో అడవి కొట్టి వేసిన తోటతో ఒకే గాటన కట్టడం మాత్రం సరికాదు. అదే పంటను ఈశాన్య రాష్ట్రాల కొండల్లోకో అండమాన్‌కో తీసుకెళ్తామంటే నాకు భయమే, ఎందుకంటే అక్కడ ఉన్నది నిజమైన వర్షారణ్యం.

ఇండోనేషియాలో ఇంకో ఘోరం పీట్ నేలలు. నీళ్లలో నానుతూ, కుళ్లీ కుళ్లకుండా వేల ఏళ్లుగా పేరుకున్న ఆకులు, కొమ్మలు, వేర్లే అక్కడ నేల. కొన్ని చోట్ల పది మీటర్ల లోతు ఉంటుంది. దాని మీద తోట వేయాలంటే కాలువలు తవ్వి నీళ్లు తీసేయాలి. నీళ్లు పోతే ఆ నేల ఎండు పిడకతో సమానం. 1990ల మధ్యలో అప్పటి అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం బోర్నియో దీవిలోని మధ్య కలిమంతన్ రాష్ట్రంలో పది లక్షల హెక్టార్ల చిత్తడి అడవిని వరి పొలాలు చేస్తామని వేల కిలోమీటర్ల కాలువలు తవ్వించింది. వరి పండలేదు. కాలువలు మిగిలాయి, నేల ఎండింది, 1997లో అంటుకుంది. 2015లో మళ్లీ ఆ దేశంలో 26 లక్షల హెక్టార్లు కాలింది. పీట్ మంట పైకి కనిపించదు, నేల లోపల నిప్పు రాజుకుంటూ వారాల తరబడి పాకుతుంది. పైన నీళ్లు చల్లితే ఆరదు. ఆ పొగకు సింగపూర్‌లో కూడా బడులు మూసేశారు.

ఆఫ్రికాలో కాంగో అడవులది మళ్లీ ఇంకో దారి. అక్కడ ఎక్కువగా నరికేది చిన్న రైతులు, మన పోడు లాంటి సాగు కోసమూ, ఊళ్లకు కట్టెబొగ్గు కోసమూ. పోడు చేసేవాళ్లు వెనకటికి ఒక చెలక వదిలితే మళ్లీ పదిహేను ఇరవై ఏళ్లకు గానీ అటు వచ్చేవారు కాదు. ఈలోగా అడవి కోలుకునేది. ఆ విరామం మూడు నాలుగేళ్లకు కుదించుకుపోయిన చోటే చిక్కు.

ఇక ఫలితాలు. బాబు నోట్సులో ఆక్సిజన్ పాయింట్ కొట్టేయమనండి. అమెజాన్ భూమికి ఊపిరితిత్తులు అని టీవీలో వింటూనే ఉంటాం. ముదిరిన అడవి తాను తయారుచేసిన ఆక్సిజన్‌ను దాదాపు మొత్తం తానే వాడేసుకుంటుంది. చెట్లు ఊపిరి పీలుస్తాయి, రాలిన ఆకులను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పీలుస్తాయి, చివరికి మిగిలేది సున్నాకు దగ్గర. గాలిలో ఆక్సిజన్ కోట్ల ఏళ్లుగా పోగైన నిల్వ, రేపే అయిపోదు. ఆ పాయింట్ స్థానంలో మూడు రాయమనండి: నేల, నీరు, కార్బన్.

నేల గురించి నాకు కళ్లు తెరిపించింది ఆగుంబె. కర్ణాటకలో, పడమటి కనుమల అంచున ఉంటుంది. మన హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే అక్కడ 7,000 దాటుతుంది. ఉపగ్రహ చిత్రంలో చూసింది నేల మీద నిజమో కాదో సరిచూసుకునే పనికి వెళ్లాం, దాన్ని మేం గ్రౌండ్ ట్రూత్ అంటాం. ప్యాంటు అంచుల్లోకి జలగలు ఎక్కుతున్నాయి. అంత పెద్ద అడవిని మోస్తున్న నేల ఎంత సారవంతంగా ఉంటుందోనని ఒకచోట ఎండుటాకులు తోసి గునపంతో తవ్వాను. ఆకులు రెండు వేళ్ల మందం. వాటి కింద నల్లటి పొర నాలుగు వేళ్లు కూడా లేదు, అది కూడా మట్టి కంటే వేర్లే ఎక్కువ, చాప అల్లినట్టు. సన్నని వేర్లు పైకి వచ్చి కుళ్లుతున్న ఆకును అంటిపెట్టుకుని ఉన్నాయి. దాని కింద ఇటుక రంగు మట్టి. చేతిలో పట్టి నలిపితే సారం ఏమీ లేని గరుకు నేల. మాది నల్లరేగడి ఊరు. నేలలో బలం ఉంటేనే పైన పంట ఉంటుందని పుట్టినప్పటి నుంచీ చూసినవాణ్ని. ఇక్కడ బలమంతా నిలబడి ఉన్న చెట్లలోనే ఉంది. ఆకు రాలుతుంది, ఆ వేడికీ తడికీ త్వరగా కుళ్లుతుంది, వేరు దాన్ని నేల లోపలికి జారనివ్వకుండా పట్టుకుని మళ్లీ ఆకు చేస్తుంది.

అమెజాన్‌లో చాలా చోట్ల ఇంతకంటే పేద నేల. యుగాల వానకు ఖనిజాలన్నీ కొట్టుకుపోయాయి. అక్కడ చెట్లకు కావాల్సిన భాస్వరం కొంత సహారా ఎడారి నుంచి గాలిలో దుమ్ముగా వస్తుంది. ఏటా సుమారు 22,000 టన్నుల భాస్వరం అలా సముద్రం దాటి వచ్చి పడుతోందని 2015లో నాసా ఉపగ్రహ కొలతల ఆధారంగా లెక్క వేశారు. నది తీసుకుపోయే దానికి అది దాదాపు సమానం. అంత నిక్కచ్చిగా నడిచే ఇంటి ఖర్చు లాంటిది ఆ అడవి. దాన్ని నరికి కాల్చితే బూడిదలో ఉన్న బలంతో రెండు మూడు పంటలు బాగా వస్తాయి. తర్వాత వానకు బూడిద పోతుంది, బీడు మిగులుతుంది, మళ్లీ పక్క అడవి కావాలి. నరికివేత ఒకచోట ఆగకుండా ముందుకు పాకడానికి ఇదొక పెద్ద కారణం. అంటే ఇక్కడ ఫలితమే మళ్లీ కారణమవుతోంది.

నీటి సంగతి మన లెక్కలో చెప్తాను. అమెజాన్ చెట్లు రోజుకు సుమారు 2,000 కోట్ల టన్నుల నీటిని ఆవిరిగా గాలిలోకి వదులుతాయని బ్రెజిల్ శాస్త్రవేత్తల అంచనా. మన కొలతలో అది 700 టీఎంసీలు. నాగార్జునసాగర్ అంచుల దాకా నిండితే ఉండేది 312 టీఎంసీలు. అంటే ప్రతి రోజూ రెండు సాగర్లకు మించిన నీరు ఆకుల్లోంచి పైకి లేస్తోంది. అట్లాంటిక్ నుంచి వచ్చిన తేమ ఒకసారి వానై కురిసి, చెట్ల ద్వారా మళ్లీ పైకి లేచి, ఇంకొంచెం పడమటికి వెళ్లి మళ్లీ కురుస్తుంది. అమెజాన్‌లో పడే వానలో దాదాపు సగం అడవి తిప్పి ఇచ్చిందేనని 1970ల్లో ఎనియాస్ సలాతి అనే శాస్త్రవేత్త వాన నీటిలోని ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) కొలిచి తేల్చారు. ఆ తేమ గాలి పడమట ఆండీస్ పర్వతాలకు తగిలి దక్షిణానికి మళ్లి దక్షిణ బ్రెజిల్, పరాగ్వే, ఉత్తర అర్జెంటీనా పొలాల మీద పడుతుంది. అక్కడి వాళ్లు వాటిని ఎగిరే నదులు అంటారు. మధ్యలో అడవి తెగితే ఆ గొలుసు తెగుతుంది. అమెజాన్‌లో ఇప్పటికే ఆరో వంతుకు పైగా పోయింది. మొత్తం నరికివేత 20 నుంచి 25 శాతానికి చేరితే తూర్పు, దక్షిణ భాగాల్లో అడవి తనంతట తానే ఎండి గడ్డిమైదానంలా మారే ప్రమాదం ఉందని 2018లో థామస్ లవ్‌జాయ్, కార్లోస్ నోబ్రే అనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. ఆ గీతకు మనం చాలా దగ్గరలో ఉన్నాం. నాకు నిద్ర పట్టనివ్వని లెక్క ఇదే.

కార్బన్ గురించి పుస్తకాల్లో బాగానే ఉంటుంది కాబట్టి క్లుప్తంగా. అమెజాన్ అడవి, నేల కలిపి పదివేల కోట్ల టన్నులకు పైగా కార్బన్ దాచుకుని ఉన్నాయి. ఆగ్నేయ అమెజాన్ ఇప్పుడు పీల్చుకునే దానికంటే ఎక్కువ వదులుతోందని లూసియానా గత్తి అనే బ్రెజిల్ శాస్త్రవేత్త బృందం విమానాల్లో గాలి నమూనాలు సేకరించి 2021లో చూపించింది. 2024లో ప్రపంచం మొత్తం మీద 67 లక్షల హెక్టార్ల, అంతకు ముందు నరకని వర్షారణ్యం పోయింది, మన లెక్కలో కోటీ 65 లక్షల ఎకరాలు. అందులో దాదాపు సగం మంటల వల్లే. ఒకప్పుడు అంటిద్దామన్నా అంటుకోనంత తడిగా ఉండే అడవి అది.

రోగాల మాట కూడా ఒకటి చేర్చమనండి. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో కోతులు చచ్చిపడటం మొదలైంది, తర్వాత మనుషులకు జ్వరం వచ్చింది. ఆ వైరస్‌కు అక్కడి క్యాసనూరు అడవి పేరే పెట్టారు, జనం కోతి జ్వరం అంటారు. పిడుదుల ద్వారా వస్తుంది. అడవి అంచులు నరికి పొలాలూ పశువులూ లోపలికి వెళ్లిన కొద్దీ అది మనుషులకు దగ్గరైంది.

ఇప్పుడు ఉప్పల్ సంగతి. అమెజాన్‌లో చెట్టు కొడితే హైదరాబాద్‌లో వాన తగ్గుతుందని ఎవరైనా అంటే అంత నేరుగా నమ్మకండి. వాతావరణం వేడెక్కడం ద్వారా ప్రభావం ఉంటుంది, కానీ అది అందరికీ పడే భారం. మనకు నేరుగా సంబంధం ఉన్న వర్షారణ్యం పడమటి కనుమలు. మీ ఇంటి నల్లాలో వచ్చే నీళ్లలో పెద్ద వాటా కృష్ణది. కృష్ణ మహాబలేశ్వర్‌లో పుట్టింది, దానిలో కలిసే నదుల్లో భీమ భీమశంకర్‌లో, తుంగ, భద్ర కుద్రేముఖ్ వైపు కొండల్లో. అన్నీ ఆ కనుమల నీళ్లే.

ఆగుంబెలో ఆ రోజు తవ్వుతుండగానే వాన పట్టుకుంది. గంట తర్వాత పైన వెలిసింది, చెట్ల కింద మాత్రం ఇంకో అరగంట చినుకులు రాలుతూనే ఉన్నాయి. తుంగ వైపు పారే ఒక చిన్న వాగు దగ్గర ఆగాం. అంత వాన తర్వాత కూడా అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. అక్కడికి ఫర్లాంగు దూరంలో రోడ్డు కోసం కొండ చెక్కిన చోట దిగుతున్న నీళ్లు ఇరానీ చాయ్ రంగులో ఉన్నాయి. వాన అదే, కొండ అదే. రెండు సీసాల్లో పట్టుకుని జీపులో పక్కపక్కన పెట్టుకున్నాను. ఆ నీళ్లే తుంగభద్ర డ్యామ్ దాటి, కర్నూలు దగ్గర కృష్ణలో కలిసి, శ్రీశైలం మీదుగా సాగర్‌కు చేరి అక్కడి నుంచి పైపుల్లో మనకొస్తాయి. తుంగభద్ర డ్యామ్ కట్టినప్పుడు 132 టీఎంసీలకు పైగా పట్టేది, పూడిక పేరుకుని ఇప్పుడు సుమారు 105కి తగ్గింది. ఆ పూడికంతా అడవి పోయినందువల్లే అనడం లేదు, గనులు, దున్నిన మెట్ట భూములు కూడా ఉన్నాయి. భద్ర పుట్టే కుద్రేముఖ్‌లోనే ఇనుప ఖనిజం గని దశాబ్దాల పాటు నడిచి, సుప్రీంకోర్టు ఆదేశంతో 2005 చివర్లో ఆగింది.

మళ్లీ నాటితే సరిపోదా అన్నారు. వరసలుగా యూకలిప్టస్, టేకు నాటితే తోట వస్తుంది. అడవి కావాలంటే నాటడం కంటే వదిలేయడం మేలు. కొద్దికాలమే సాగు చేసి వదిలిన భూమి, పక్కనే విత్తనాలు మోసుకొచ్చే పక్షులూ గబ్బిలాలూ ఉన్న అడవి మిగిలి ఉంటే ఆశ్చర్యంగా కోలుకుంటుంది. నేల పదేళ్ల లోపే తేరుకుంటుందనీ, చెట్ల బరువు, జాతుల కలయిక మునుపటిలా రావడానికి మాత్రం 120 ఏళ్లు పడుతుందనీ లాటిన్ అమెరికా, పశ్చిమ ఆఫ్రికాల్లోని అడవుల మీద 2021లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. ఏళ్ల తరబడి కాల్చి, పశువులు తొక్కి గట్టిపడిన నేలకు ఈ మాట వర్తించదు. కోస్టారికా దేశాన్ని బాబు ఉదాహరణగా రాయొచ్చు. 1980ల్లో అక్కడ అడవి దేశ విస్తీర్ణంలో నాలుగో వంతుకు పడిపోయింది. 1996లో అడవిని వేరే అవసరానికి మార్చకూడదని చట్టం చేసి, పెట్రోలు మీద పన్నుతో అడవి నిలుపుకున్న రైతులకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడు సగానికి పైగా అడవే.

ఇంకో మాట. బ్రెజిల్ చిత్రాల్లో షింగు అనే ఆదివాసీ ప్రాంతం ఉంటుంది, 1961లో హద్దులు గీశారు. చుట్టూ సోయా పొలాలు, మధ్యలో ఆ ఒక్క ముక్క చిక్కటి ఎరుపులో నిలబడి ఉంటుంది. హద్దు గీత కాగితం మీద గీసినంత సూటిగా ఆకాశం నుంచి కనిపిస్తుంది. అక్రే రాష్ట్రంలో రబ్బరు కూలీలను కూడగట్టి అడవికి అడ్డం నిలబడిన షికో మెండెస్‌ను 1988 డిసెంబర్ 22న ఆయన ఇంటి దగ్గరే కాల్చి చంపారు. అడవిని ఎవరు కాపాడుతున్నారన్న ప్రశ్నకు బాబు ఒక్క పేరాగ్రాఫ్ అయినా కేటాయిస్తే నాకు సంతోషం.

ప్రాజెక్టుకు చార్టు మీద బొమ్మలు అంటించే బదులు ఒక పని చేయించండి. రెండు ప్లాస్టిక్ ట్రేలు తీసుకుని ఒకవైపు చిన్న గాటు పెట్టండి. రెండింటిలోనూ ఒకే ఎర్రమట్టి నింపి, ఒకదాని మీద కాలనీలో ఊడ్చిన ఎండుటాకులు రెండు వేళ్ల మందం పరచండి. కొంచెం ఏటవాలుగా పెట్టి, చిల్లుల మూత ఉన్న సీసాతో రెండింటి మీదా ఒక్కో లీటరు నీళ్లు పోసి, కిందకు వచ్చేదాన్ని గాజు గ్లాసుల్లో పట్టమనండి. ఏ గ్లాసు ముందు నిండింది, ఎంతసేపట్లో నిండింది అని ఫోన్‌లో టైమ్ చూసి రాసుకోమనండి. గ్లాసులు రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దున్నకు అడుగున ఎంత మట్టి దిగిందో స్కేలు పెట్టి కొలవొచ్చు.

తర్వాత గూగుల్ ఎర్త్‌లో టైమ్‌లాప్స్ తెరిచి ‘అరికేమెస్, రొండోనియా’ అని వెతికించండి. 1984 నుంచి ఒక్కో ఏడాదీ కదులుతుంది, ఆ చేపముల్లు పెరగడం బాబు తన కళ్లతో చూస్తాడు. అది అయ్యాక అదే చోట ఉప్పల్ అని కొట్టి, మీ చుట్టుపక్కల చెరువుల మీదకు జరిపి, మళ్లీ 1984 నుంచి నడిపించండి.